జొన్నకాపురం

ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మనోరమ టీచర్‌కు నవ్వొచ్చింది. వారం తిరిగేసరికి అదే మాట గుర్తొస్తే వెనక్కి తిరిగి చూసుకోసాగింది.

ఆమె జహీరాబాద్‌లో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పేది. ముప్పై ఆరేళ్ల మనిషి, తల్లితో కలిసి ఉండేది. హైదరాబాదులో కొందరు పండితులు పల్లె జీవితం మీద తెలుగులో ఒక విజ్ఞాన సర్వస్వం తయారుచేస్తున్నారు. ఊళ్లలో తిరిగి వ్యవసాయపు మాటలు, పంటల పేర్లు, పనిముట్ల పేర్లు రాసి పంపడానికి తాలూకాకొక టీచర్‌ను ఎంచుకున్నారు. జహీరాబాద్‌కు మనోరమను ఎంచుకున్నారు. సంపాదకుడు చంద్రశేఖర్ గారు పెద్దమనిషి, మాట పొదుపు. ఆయన పంపిన కాగితం మీద ఒక నియమం ఉంది: కొత్తగా పుట్టిన మాటను చేర్చాలంటే అది మూడు ఊళ్లలో వినిపించాలి, చెప్పినవాళ్ల పేర్లు సాక్షులుగా ఉండాలి, ఒక్క ఏడాదికే చచ్చిపోయే మాట కాకూడదు. కాగితం చివర "చేర్చదగినది", "చేర్చదగనిది" అని రెండు మాటలు అచ్చు వేశారు. అందులో ఒకటి కొట్టేసి పంపాలి.

మనోరమకు ఎక్కువ మాటలు చెప్పింది నాగవ్వ. ఝరాసంగం దాటి రెండు మైళ్లు నడిస్తే ఆమె ఊరు. ఇంటినిండా విత్తనాల కుండలే. ఏ కుండలో ఏముందో మూత తీయకుండా చెప్పేది. డెబ్బై ఆరు డిసెంబరులో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఒక ఆదివారం మనోరమ వెళ్లేసరికి నాగవ్వ అరుగు మీద ఇద్దరు ఆడవాళ్లతో కూర్చుని అనుములు ఏరుతోంది.

"గుండయ్య ఏడి?" అని మనోరమ మామూలుగా అడిగింది. గుండయ్య నాగవ్వ భర్త.

"ఏడుంటడు పంతులమ్మా, జొన్నకాపురం వెట్టిండు," అంది నాగవ్వ.

ఆడవాళ్లు ముగ్గురూ నవ్వారు. అంతలోనే నవ్వు ఆపి, ముగ్గురూ ఒకేసారి బాట వైపు చూశారు. ఆ చూపు మనోరమకు అర్థం కాలేదు. నాగవ్వ గొంతు తగ్గించి చెప్పింది.

"జీపులొస్తున్నయి గద. దొరికినోన్ని దొరికినట్టు ఆపరేషన్‌కు ఎక్కిచ్చుకపోతున్నరు. మా ఊరి మొగోళ్లంత పొద్దుపొద్దున్నే వాగు పక్క మా జొన్నచేన్ల వడ్తున్నరు. తిండి ఆడికే, పండుడు ఆడనే. మాకు ఒక్కతే బిడ్డ. మొగపిల్లగాడు పుడ్తడో లేదో దేవుని దయ, గాని పుట్టకుంట జేసెటానికి వీళ్లెవరు?"

"ఆ మాట ఎవరు పెట్టిన్రు?"

"నేనే అన్న. కాపురం ఇంట్ల ఉంటె ఉండనిస్త లేరు, జొన్నల్ల వెట్టుకోరి అన్న. ఊరంత వట్టుకున్నరు."

మనోరమ నోటుబుక్కులో రాసుకుంది. ఎంత చక్కటి మాట. రెండు పాత ముక్కలు అతికి ఒక కొత్త బతుకును చెబుతోంది. తిరిగి వస్తూ బస్సులో ఆమె దాన్ని మనసులో పదిసార్లు అనుకుని చూసింది.

మరునాడు బస్టాండులో రాయికోడ్ బస్సు కోసం నిలబడ్డ ఒక ఆడమనిషి పక్కామెతో అంటుంటే అదే మాట వినిపించింది: "మా తమ్ముడు గూడ జొన్నకాపురమే." మూడో రోజు ఏడో తరగతి పిల్లల వ్యాసాలు దిద్దుతూ ఉంటే, మొగుడంపల్లి నుంచి వచ్చి చదివే నారమ్మ నోటుబుక్కులో కనిపించింది. "మా ఇల్లు" అని వ్యాసం. "మా ఇంట్లో నేను, అమ్మ, తమ్ముడు ఉంటాము. నాయన జొన్నకాపురంలో ఉంటాడు."

మూడు ఊళ్లు అయ్యాయి. కాగితం మీద రాత కూడా దొరికింది. మనోరమ ఆ సంతోషంలో ఒక పోస్టుకార్డు తీసి, మాట, అర్థం, ఊళ్ల పేర్లు, నాగవ్వ పేరు, ఏ చేను, ఏ వాగు పక్కన, అన్నీ సన్నటి అక్షరాలతో నింపి చంద్రశేఖర్ గారికి పంపింది. ఎప్పుడూ కార్డులే పంపేది. మాటలకు దాపరికమేముంటుందని ఆమె అనుకునేది.

మరునాడు పొద్దున ప్రార్థన అయ్యాక హెడ్‌మాస్టర్ అమర్నాథ్ గారు టీచర్లందరినీ గదిలోకి పిలిచారు. ఆయన ముఖం రెండు నెలలుగా నిద్రలేనట్టుండేది. టీచరుకు రెండు ఆపరేషన్ కేసుల చొప్పున తేవాలని పైనుంచి వచ్చిన ఉత్తరువు ఆయన బల్ల మీదే ఉంది.

"మేడం, మీ కేసులు ఇంక ఒక్కటి గూడ రాలేదు," అన్నారాయన మనోరమతో. "నా చేతుల ఏం లేదు. సస్పెండు కాగితాలు టైపు చేసి పెట్టుకున్నరంట. రేపు ఝరాసంగం దిక్కు జీపు పోతున్నది. ఆ ఊర్లల్ల మొగోళ్లు మాయమైతున్నరంట, ఏడ దాక్కుంటున్నరో ఆపరేషన్ల సుపర్‌వైజర్‌కు సమజయితలేదు. మీరు ఆ ఊర్లు తిరుగుతరు గద. మీకేమన్న తెలిస్తే చెప్పున్రి. మీకూ మంచిది, నాకూ మంచిది."

మనోరమ తల అడ్డంగా ఊపింది. "నాకేం తెల్వదు సార్," అంది. ఆ ముక్క అంటుండగానే కార్డు కళ్లముందు మెదిలింది. ఎవరైనా తిప్పి చదువుకోగల కార్డు. చేను, వాగు, పేరు.

క్లాసులోకి వెళ్లి నారమ్మ నోటుబుక్కు అడిగి తీసుకుంది. పిల్లలకు పద్యం రాసుకొమ్మని చెప్పి, బల్ల కింద ఆ పేజీని చప్పుడు కాకుండా చింపింది. నారమ్మ చూసింది. ఏమీ అడగలేదు. పదమూడేళ్ల పిల్లకు ఎందుకో చెప్పాల్సిన పని పడలేదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే పోస్టాఫీసుకు పరుగులాంటి నడకతో పోయింది. కార్డులకు ముద్ర కొట్టే ఇస్సాకు కిటికీ దగ్గరే ఉన్నాడు. ఆదివారాలు చర్చిలో పాటలు పాడే మనిషి, మెత్తని గొంతు.

"ఇస్సాకూ, నిన్న నేను వేసిన కార్డు వాపస్ కావాలె."

"అది పొద్దుగాలే బస్సుకు పోయింది మేడం."

"ఎవరన్న..." అని ఆమె ఆగింది. ఎలా అడగాలో తెలియలేదు.

ఇస్సాకు అటూ ఇటూ చూసి ముద్ర కింద పెట్టాడు. "నేను సదివిన మేడం. కార్డు గద, కండ్లు వడ్తయి. నాతోనైతే బయటికి పోదు. నా బామ్మర్ది గూడ గదే కాపురంల ఉన్నడు. గాని ఈడికెల్లి హైదరబాద్ దాక ఇంకెన్ని చేతులో నాకెట్ల తెలుస్తది?"

ఆ సాయంత్రం ఇంట్లో ఎదురింటి రేడియో మోగుతున్నా మనోరమకు ఒక్క ముక్క చెవిన పడలేదు. తల్లి అన్నం పెడితే కలిపి వదిలేసింది. తను అందరికన్నా ముందు, అందరికన్నా వివరంగా, వాళ్లు ఎక్కడున్నారో రాసిచ్చింది. సుపర్‌వైజర్ నెల రోజులుగా వెతుకుతున్నది తన చేతిరాతలో బస్సెక్కి పోయింది.

మరునాడు తల్లికి జ్వరమని బడికి సెలవు చీటీ పంపి మొదటి బస్సుకు ఝరాసంగం పోయింది. అక్కడి నుంచి రెండు మైళ్లూ ఆగకుండా నడిచింది. నాగవ్వ ఇంట్లో లేదు. చేను గట్టున తలమీద గంపతో కనిపించింది. మనోరమ ముఖం చూసి గంప దించింది.

మనోరమ చెప్పింది. కార్డు సంగతి దాచలేదు. చెప్తుంటే మాటలు తడబడ్డాయి, అయినా అంతా చెప్పింది.

నాగవ్వ తిట్టలేదు. కాసేపు ఆమెను అట్లాగే చూసి, చేను వైపు తిరిగి పిట్టలను తోలినట్టు నాలుకతో రెండుసార్లు చప్పుడు చేసింది. నిలువెత్తు జొన్నలో ఎక్కడా కదలిక లేదు. తర్వాత ఒక తల, ఇంకో తల, మొత్తం ఆరుగురు మగవాళ్లు బయటికొచ్చారు. గుండయ్య ముందున్నాడు. గడ్డాలు పెరిగి, జొన్నాకు కోసి ముఖాలమీద, చేతులమీద సన్నటి గీతలు పడ్డాయి. పది అడుగుల దూరంలో ఇంతమంది ఉన్నట్టు మనోరమ పసిగట్టలేదు.

"వాగు దాటి చెరుకుతోటకు పోరి," అంది నాగవ్వ. "ఎందుకని అడగకురి. నడువురి."

వాళ్లు అడగలేదు. గొంగళ్లు భుజాన వేసుకుని వంగి వంగి వాగు దాటారు. నాగవ్వ, మనోరమ చేనులోకి దిగారు. లోపల కొంత జాగా వంచి గడ్డి పరిచారు. నీళ్ల కుండ, బీడీ ముక్కలు, రొట్టె కట్టిన గుడ్డ. వాళ్లిద్దరూ గడ్డిని చెదరగొట్టి, కుండను బోర్లించి, బీడీ ముక్కలు మట్టిలో తొక్కుతుండగా జీపు చప్పుడు వినిపించింది.

చప్పుడు దూరంగానే ఉంది. అయినా నాగవ్వ ఆగలేదు. మనోరమ చేయి పట్టి కిందికి లాగింది. ఇద్దరూ జొన్న మొదళ్ల మధ్య ముడుచుకుని కూర్చున్నారు.

మనోరమ చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. సర్కారు టీచరు, జ్వరమని అబద్ధపు చీటీ రాసి, పారిపోయినవాళ్ల చేనులో దొరికితే సస్పెండుతో పోదు, జైలే. అప్పటికే జహీరాబాద్‌లో ఇద్దరు ముగ్గుర్ని ఏం నేరమో చెప్పకుండానే తీసుకుపోయారు. ఆకులు గాలికి రాసుకుంటుంటే ప్రతి చప్పుడూ అడుగుల చప్పుడులా తోచింది.

జీపు గట్టు దగ్గర ఆగింది. ఆకుల సందులోంచి బాట కనిపిస్తోంది. అప్పుడే గడ్డిమోపు తలమీద పెట్టుకుని ఒక ముసలాయన అటువైపు వస్తున్నాడు. ఎంకయ్య. అరవై ఏళ్లవాడు, పెళ్లాం చచ్చిపోయి ఆరేళ్లయింది. జీపును చూసి పక్కకు తప్పుకున్నాడు గాని పరుగెత్తలేదు. తనతో వాళ్లకేం పని ఉంటుందనుకున్నాడేమో.

ఇద్దరు మనుషులు దిగి చెరొక రెక్క పట్టుకున్నారు. మోపు కిందపడింది.

"నాకెందుకు సారూ, నా వయసు సూడున్రి," అన్నాడు ఎంకయ్య.

"నలభై ఐదు అని రాస్తం. ఎక్కు," అన్నాడు సుపర్‌వైజర్.

మనోరమ అతన్ని గుర్తుపట్టింది. అతని బిడ్డ ఆమె దగ్గరే ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న వినాయకచవితికి వచ్చి చేతులు జోడించి మాట్లాడి పోయాడు. తను లేచి నిలబడి "ఇది అన్యాయం, అతన్ని వదిలిపెట్టండి" అంటే వదిలేవాడేమో. వదలకపోయినా సిగ్గుపడేవాడేమో. లేవాలనుకుంది. నాగవ్వ వేళ్లు ఆమె మోచేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. లేవొద్దని పట్టుకుందో, తన భయానికి పట్టుకుందో తెలియదు. ఏదైనా ఆ పట్టు విదిలించుకోలేనంత గట్టిదేం కాదు. మనోరమ విదిలించుకోలేదు.

ఎంకయ్య ఒక్కసారి చేను వైపు తల తిప్పాడు. వెంటనే అవతలి దిక్కుకు, ఊరి వైపుకు తిప్పుకుని, ఎవరినో పిలుస్తున్నట్టు గట్టిగా "ఓ బస్వమ్మా" అని అరిచాడు. సుపర్‌వైజర్, మిగతా ఇద్దరూ కూడా ఊరి వైపు చూశారు. ఆ వైపు ఎవరూ లేరు. అతన్ని జీపులోకి నెట్టి వెళ్లిపోయారు.

జీపు పోయాక కూడా ఇద్దరూ చాలాసేపు కదల్లేదు. మనోరమ లేచి నిలబడేసరికి పొద్దు పడమటికి వాలింది.

*

పది రోజులకు చంద్రశేఖర్ గారి నుంచి జవాబొచ్చింది. మూసిన కవరులో రెండే వాక్యాలు. "మీరు పంపిన వ్యవసాయ పదం నాకు చేరినది, నా సొరుగులో ఉన్నది, ఎవరికీ చూపలేదు. దయచేసి ఈ పదం గురించి ఇక ఏమీ రాయవద్దు." ఆయన ఎప్పుడూ కింద పూర్తి సంతకం చేసేవారు. ఈసారి చేయలేదు. హైదరాబాదులో ఉన్న అంత పెద్దమనిషి కూడా తనలాగే వణుకుతున్నారని ఆమెకు అర్థమైంది. ధైర్యం కలగాల్సింది పోయి ఇంకా భయం వేసింది. నోటుబుక్కులో ఆ పేజీని, నారమ్మ వ్యాసాన్ని పొయ్యిలో వేసింది.

ఫిబ్రవరిలో జొన్నలు కోశారు. మార్చిలో ఎన్నికలయ్యాయి, సర్కారు మారింది. జీపులు రావడం మానేశాయి. ఎంకయ్యకు కుట్టు చీముపట్టి నెలన్నర మంచంలో ఉన్నాడని, బతికాడు గాని నాగలి పట్టే బలం రాలేదని నాగవ్వ చెప్పింది. జీపు ఆ రోజు రావడానికి కార్డు కారణం కాదని కూడా చెప్పింది. ఊళ్లో కేసులు తక్కువున్నాయని పోలీసు పటేలే కబురు పంపాడట. మనోరమ విన్నది. తలూపింది. గుండెమీది బరువు మాత్రం దిగలేదు. ఆమెను తినేస్తున్నది కార్డు కాదు.

డెబ్బై ఎనిమిది చివర చంద్రశేఖర్ గారు మళ్లీ రాశారు. ఈసారి పూర్తి సంతకముంది. సొరుగులోని కార్డు తీసి కమిటీ ముందు పెట్టారట. ఇద్దరు సభ్యులు వద్దన్నారు. ఒకాయన, అది ఒక తాలూకాలో మూడు నెలలు బతికిన పరిహాసపు మాట, విజ్ఞాన సర్వస్వంలో దానికి చోటెందుకు అన్నాడు. ఇంకొకాయన, అచ్చులో పేరు వేయడానికి ఒప్పుకున్న సాక్షులెవరని అడిగాడు. "సంక్రాంతి లోపల ఒక్క సాక్షి పేరైనా రావాలి. లేదంటే వదిలేద్దాం. చేర్చదగినదో కాదో మీరే తేల్చి పంపండి," అని ముగించారు.

మనోరమ మళ్లీ ఊళ్లు తిరిగింది. రాయికోడ్ బస్సు ఆడమనిషిని వెతికి పట్టుకుంటే, "నేనట్ల అనలే, మా తమ్ముడు ఎప్పుడూ ఇంట్లనే ఉన్నడు," అంది. మొగుడంపల్లిలో నారమ్మ తండ్రి తలుపు సగమే తీసి, "మా పిల్ల అట్ల రాయలె," అన్నాడు. నాగవ్వ మాత్రం తప్పించుకోలేదు.

"మాట నాదే. గాని నా పేరు వద్దు పంతులమ్మా. మల్ల గదే సర్కారు రాదని నువ్వు కాగితం రాసిస్తవా?"

మనోరమ ఆ మాట ఇవ్వలేకపోయింది. ఇంక మిగిలింది ఒక్క ఇల్లే. రెండేళ్లుగా ఆ వాకిలి ముందు నుంచి పోవాల్సి వస్తే చుట్టూ తిరిగి పోయేది.

ఎంకయ్య వాకిట్లో తాడు పేనుతున్నాడు. కూర్చున్నవాడు లేవడానికి చేయి నేలకు ఆనించాల్సి వచ్చింది. మనోరమ వద్దని తానే నేలమీద కూర్చుంది. తెచ్చిన కాగితం సంగతి తర్వాత చెప్పొచ్చనుకుంది.

"తాతా, నిన్ను జీపు ఎక్కిచ్చిన దినం నేను జొన్నల్ల ఉన్న. ఆ సుపర్‌వైజర్ నాకు తెలిసినోడే. నేను లేసి ఒక్క మాట అడగొచ్చు. లేవలె. బుగులైంది."

ఎంకయ్య తాడు పేనడం ఆపలేదు.

"ఎరికే," అన్నాడు. "నీ కొంగు కనవడ్డది. ఊదా రంగుది. మా ఊర్ల గసొంటి చీర ఎవ్వరు కట్టరు. నేను అటే సూస్తె ఆళ్లు గూడ అటే సూస్తరు అనుకున్న. అందుకే అవతలికి మొకం తిప్పి ఒర్రిన. బస్వమ్మ లేదు, ఎవ్వరు లేరు. నోటికొచ్చిన పేరు అది."

మనోరమ తలవంచుకుని ఏడ్చింది. ముసలాయన కొంతసేపు ఏడవనిచ్చాడు.

"నాకు మాత్రం బుగులు గాలేదనుకున్నవా? లోపల్నుంచి నీళ్లయిపోయినయి," అన్నాడు. "ఏదో కాగితం తెచ్చినవని నాగవ్వ చెప్పింది. సదువు."

ఆమె కళ్లు తుడుచుకుని చదివింది. జొన్నకాపురం అంటే ఏమిటో, ఎవరు ఎందుకు చేశారో, ఎన్నాళ్లు చేశారో. ఆయన మధ్యలో ఒకచోట ఆపాడు.

"చేన్ల పడనోళ్లను ఏం జేసిన్రో రాయలేదు."

"రాస్త."

"వయసు తప్పు రాసిన్రని గూడ రాయి. అరవైని నలభై ఐదు జేసిన్రు." మళ్లీ తాడు చేతిలోకి తీసుకున్నాడు. "పేరు కావాలంటున్నరు గద. నాది రాసుకో. ఎంకయ్య. నన్ను ఇంకేం గుంజుకపోతరు?"

బాటమీద ఏదో లారీ పోయింది. చప్పుడు దూరమయ్యేదాకా మనోరమ కలం కాగితానికి ఆనించలేదు. తర్వాత ఆమె సాక్షి అన్నచోట ఆయన పేరు రాసి, "చేర్చదగనిది" అన్న మాటను ఒక్క గీతతో కొట్టేసింది. గీత వంకర పోయింది. మళ్లీ సరిచేయలేదు.

కమిటీలో రెండుసార్లు వాదన జరిగిందని, చివరికి ఒక్క ఓటుతో గట్టెక్కిందని చంద్రశేఖర్ గారు రాశారు. సంపుటం అచ్చై జహీరాబాద్ చేరేసరికి ఎనభై మూడు. అప్పటికి గుండయ్య, నాగవ్వలకు ఒక కొడుకు, బడికి వెళ్లే ఈడు. మనోరమ ఆ బరువైన పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని ఎంకయ్య దగ్గరికి పోయింది. ఏడు వరుసల వివరణ, కింద సన్న అక్షరాల్లో ఆయన పేరు. చదివి వినిపించి, వేలు పట్టి పేరున్నచోట పెట్టించింది. ఆయన చూపు మందగించింది. వేలు మాత్రం అక్కడ్నుంచి తీయలేదు.

"ఈ బుక్కు ఠాణల గూడ ఉంటదా?" అని అడిగాడు కాసేపటికి.

"పెద్ద ఊర్లల్ల గ్రంథాలయాల్ల ఉంటది తాతా. ఎవరన్న సూడొచ్చు. పోలీసోళ్లు గూడ సూడొచ్చు."

ఎంకయ్య వాకిలి బయటికి, బాట వైపు చాలాసేపు చూశాడు.

"సూడనీ," అన్నాడు.